గిల్టు ఫ్రేములు

ఎర్నెస్టీన్ ప్రూయిట్ ఏ బొమ్మ పక్కన లేబుల్ పెట్టాలన్నా ముందు దాన్ని గ్యాలరీ కాపలావాళ్లకు నిలబడి చదివి వినిపించేది. రోజంతా నిలబడి ఉండే మనుషులు వాళ్లు. వింటూ వింటూ ఎవరైనా ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి ఒరిగితే, ఆవిడ ఆ వాక్యం పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుని తన గదికి వెళ్లిపోయేది. మర్నాటికి ఆ వాక్యం ఉండేది కాదు.

"నోటితో అందరూ బాగుందనే అంటారు ఉషా. పెద్దదాన్ని కదా, మొహం మీద బాగాలేదని ఎవరంటారు? అందుకని కాళ్లు చూసుకుంటాను," అనేది.

నేను డెట్రాయిట్‌లోని హార్‌గ్రేవ్ మ్యూజియంలో 1978లో చేరాను. రికార్డుల గదిలో టైపిస్టుని. ఒక్కో బొమ్మకు ఒక కార్డు: ఎవరు వేశారు, ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎవరిచ్చారు, ఎప్పుడొచ్చింది. వాల్తేరులో సైకాలజీ ఎమ్మే చేసినదాన్ని. ఈ దేశంలో ఆ డిగ్రీతో ఎవరి ఎదుటా కూర్చుని మనసులో ఏముందని అడిగే హక్కు రాదని తెలిశాక, మనుషులకు బదులు బొమ్మలకు కేస్ హిస్టరీలు రాస్తున్నాననుకుని సరిపెట్టుకున్నాను. మా ఆయన జగదీష్‌కి డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, మా అపార్ట్‌మెంటూ అక్కడే. పొద్దున్నే ఊళ్లోకి వెళ్తుంటే, అందరి కార్లూ డెట్రాయిట్‌కి దూరంగా పోతున్నట్టూ నాదొక్కటే ఆ వైపు పోతున్నట్టూ ఉండేది.

మిస్ ప్రూయిట్ మా మ్యూజియంలో మొదటి నల్లజాతి క్యూరేటర్. ఆ మాట అందరూ చెప్పేవారు, ఆవిడ తప్ప. అలబామాలో పుట్టి, తండ్రి డెట్రాయిట్‌కి ఇనుము పోతపోసే ఫౌండ్రీ పనికి వస్తే వెంట వచ్చి, ఇరవై ఏళ్లు ఊళ్లోని బడుల్లో డ్రాయింగ్ చెప్పింది. శనివారం శనివారం నల్లవాళ్ల వారపత్రికలో చిత్రకళ మీద కాలమ్ రాసేది. బేస్‌మెంట్లలో, గరాజుల్లో, చర్చి వెనక గదుల్లో బొమ్మలు వేసేవాళ్ల గురించి రాసేది. వాళ్ల గురించి అంతవరకూ ఎవరూ ఒక్క వాక్యమూ రాయలేదు. ఆ కాలమ్‌లన్నీ కలిపి పుస్తకం చేస్తే న్యూయార్క్‌లో ముగ్గురు ప్రచురణకర్తలు చదివి, బాగుందని, కానీ చదివేవాళ్లు ఉండరని అన్నారట. అరవై ఏడు వేసవిలో, నల్లవాళ్లు తిరగబడినప్పుడు, ఊరు తగలబడింది. ఆ చలికాలమే మ్యూజియం ఆవిడను పిలిచి ఉద్యోగం ఇచ్చింది.

"మంటల వెలుగులో గానీ నేను వాళ్లకి కనపడలేదు," అని ఒకసారి నారింజపండు ఒలుస్తూ అంది. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచేది. అదయ్యాక దాన్ని మళ్లీ గుండ్రంగా చుట్టి, లోపల పండు ఉన్నట్టే బల్ల మీద పెట్టేది.

హోదా క్యూరేటరే. గది మాత్రం కింద, బడిపిల్లలు మధ్యాహ్నం తిండి తినే హాలు పక్కన. స్కూళ్ల విభాగం కూడా ఆవిడ నెత్తినే పెట్టారు. ఆవిడకిచ్చిన గోడ ఆ హాలుకి పోయే నడవా. అందులో ఏడాదికి ఒక ప్రదర్శన, నల్లవాళ్ల చరిత్రకని కేటాయించిన ఫిబ్రవరిలో.

పై అంతస్తులోని పెద్ద హాలు ఒక్కసారే ఆవిడ చేతికొచ్చింది. 1979లో యూరప్ నుంచి రావలసిన బొమ్మలేవో ఆగిపోయి, ఆ హాలు ఖాళీ పడింది. ఖాళీ గోడల కంటే నయమని ఆవిడను అడిగారు. ఊళ్లో నలుమూలల నుంచి బొమ్మలు తెచ్చి నింపేసింది. ఇలాంటి చోట ఎన్నడూ గొంతెత్తని ఆడవాళ్లు చర్చి బస్సుల్లో టోపీలు పెట్టుకుని వచ్చి, బొమ్మల ముందు నిలబడి పెద్దగా మాట్లాడారు. "అదుగో మా వీధే!" అని ఒకావిడ కేక వేస్తే కాపలాదారు ఆమెను ఆపకుండా తనూ వెళ్లి చూశాడు. మెట్ల మీద దాకా జనం. మిస్ ప్రూయిట్ ఆకుపచ్చ కోటు వేసుకుని ఒక మూల నిలబడి, బొమ్మలు చూడకుండా అందరి కాళ్లూ చూస్తోంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఊళ్లో పెద్ద పత్రిక, ఉత్సాహవంతమైన ప్రయత్నం అని రాసింది. ఆ తర్వాత హాలు మళ్లీ యూరప్‌కి వెళ్లిపోయింది.

ఆ బొమ్మల్లో మూడింటిని శాశ్వత సేకరణలోకి తీసుకోమని ఆవిడ కమిటీని అడిగింది. శాశ్వత సేకరణ అంటే మ్యూజియం తన సొంతమని చెప్పుకునేది, ఎప్పటికీ వదలనిది. అందులోకి ఏది రావాలన్నా కమిటీ ఓటు వేయాలి. ఇంకా కాలం తేల్చాలని కమిటీ అంది. మరుసటి ఏడు మళ్లీ అడిగింది. మళ్లీ కాలం మీదే పెట్టారు. నాలుగోసారి తిరిగొచ్చి నా బల్ల ముందు కూర్చుని చాలాసేపు తన చేతి గోళ్లు చూసుకుంది.

"స్టడీ కలెక్షన్‌కి ఓటు అక్కర్లేదు కదా?" అంది.

స్టడీ కలెక్షన్ అంటే స్కూలు పిల్లలకు చూపించడానికీ, చేత్తో ముట్టుకోనివ్వడానికీ పెట్టుకునే సామాను. పగిలిన కుండపెంకులు, నకలు నాణేలు, నేతగుడ్డల ముక్కలు. దానికి విభాగం పెద్ద సంతకం చాలు. ఆ పెద్ద ఆవిడే.

"అక్కర్లేదు. కానీ ఆ కార్డు మీద స్టడీ అనే టైప్ చేయాలి," అన్నాను.

"చెయ్యి హనీ. మా అమ్మ ముప్పై ఏళ్లు ఒకళ్లింట్లోకి వెనక తలుపులోంచే వెళ్లింది. ఆ ఇంట్లో వాళ్లు తిన్నది మాత్రం మా అమ్మ వండిందే. ముందు లోపలికి రానీ. లోపలికొచ్చిన దాన్ని బయటికెవరు పంపుతారు?"

అలా మొదలైంది. చిత్రకారుల ఇళ్లకు తనే వెళ్లేది, బస్సులో. డ్రైవింగ్ నేర్చుకోలేదు. వంటింట్లో కూర్చుని వాళ్లు పెట్టింది తిని, బొమ్మ కానుకగా అడిగేది. ఇవ్వనివాళ్లు లేరు. "ఇక అది మ్యూజియంది. మనం పోయినా అది ఉంటుంది," అని చెప్పి, రెండు చేతులతో వాళ్ల చెయ్యి పట్టుకునేది. ముప్పై పైచిలుకు బొమ్మలు అలా వచ్చాయి. అన్ని కార్డుల మీదా స్టడీ అనే టైప్ చేశాను.

తిరస్కారం అలవాటైన మనసు రెండు రకాలుగా పోతుందని నాకు చదువు చెప్పింది. ఒకటి ముడుచుకుపోతుంది, ఒకటి తల బాదుకుంటుంది. ఆవిడది మూడో రకం. తలుపు మూసి ఉందని తెలియగానే కళ్లు కిటికీలను వెతికేవి, కాసేపటికి తలుపున్న సంగతే మరిచిపోయేవి. అది బలమని అనుకునేదాన్ని. దాన్ని అంత దగ్గరగా చూస్తూ కూడా, కిటికీలోంచి వచ్చినవాళ్లకు ఆ ఇంట్లో ఏ హక్కూ రాదన్న ఆలోచన నాకూ తట్టలేదు.

ఇక ఫ్రేములు. మ్యూజియం అడుగు అంతస్తులో పాత గిల్టు ఫ్రేములు పేర్చి ఉండేవి. ఎప్పుడో ఎవరో ధనవంతులు ఇచ్చిన బొమ్మలు నకళ్లని తేలితే బొమ్మలు పారేసి, చెక్కడం బాగుందని ఫ్రేములు ఉంచారు. మిస్ ప్రూయిట్ వాటిని అడిగి తెచ్చుకుంది. వడ్రంగి పక్కన నిలబడి ప్రతి బొమ్మకూ సరిపోయేలా దగ్గరుండి కోయించింది. "పైన ఉన్నవాళ్లు వేసుకున్న బట్టలే మనవాళ్లకీ," అనేది.

వాటిలో అన్నిటికంటే పెద్ద ఫ్రేము హోసియా టిల్‌మన్ బొమ్మకు పెట్టింది. టిల్‌మన్ ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. అప్పటికే డెబ్బై ఐదు దాటాయి. ఆయన బొమ్మలో కొందరు మగవాళ్లు షిఫ్ట్ దిగి మంచులోకి నడుస్తుంటారు. వీపులే కనపడతాయి. తడి చొక్కాల్లోంచి ఆవిరి లేస్తుంటుంది. నడవాలో, మంచినీళ్ల కుళాయికీ పిల్లల భోజనాల హాలుకీ మధ్య దాన్ని తగిలించారు. ఆయన ఆదివారం సూటు వేసుకుని చూడ్డానికొచ్చాడు. ఫ్రేము ముందు నిలబడి చెయ్యి చాచి, ముట్టుకోకుండా, దాని అంచు వెంట గాల్లోనే వేలితో రాశాడు.

"మిస్ ఎర్నెస్టీన్, నా పెళ్లికి కూడా నాకింత మంచి సూటు ఎవరూ కుట్టించలేదండీ."

"మీ పెళ్లికి నేను లేను కదా మిస్టర్ టిల్‌మన్. ఉంటే ఒప్పుకునేదాన్నా?"

"నా భార్య కూడా ఒప్పుకోలేదు. పాపం, చివరిదాకా ఒప్పుకోలేదు." ఇద్దరూ కుళాయి దగ్గర పిల్లలు వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వారు.

ఆ బొమ్మ లేబుల్ నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "ఇది పొగ కాదు. చొక్కాల్లోంచి లేస్తున్న ఆవిరి. బయట మంచు. వీళ్లలో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు, రేపు మళ్లీ ఇక్కడికే రావాలి కనక. హోసియా టిల్‌మన్ ఇదే తలుపులోంచి ఇంటికి నడిచాడు." కాపలావాళ్లలో ఒక్కడూ కాలు కదపలేదు.

ట్రాయ్‌లో ఆదివారాలు ఎవరో ఒకరింట్లో భోజనాలుండేవి. జగదీష్ ఆఫీసు స్నేహితుడు శ్రీధర్ ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"ఇంకా డౌన్‌టౌన్‌కి డ్రైవ్ చేస్తున్నారా ఉషగారూ? డోర్స్ లాక్ చేసుకుంటున్నారు కదా?"

"మా ఆవిడకి భయమేంట్రా, బాసే బ్లాక్ లేడీ," అన్నాడు జగదీష్.

"అయ్యబాబోయ్. ఆవిడకే ప్రమోషన్ ఇచ్చుండరు, ఇంక ఈవిడకేం ఇప్పిస్తుందిరా?"

"ఇవ్వలేదు," అన్నాను. వాళ్లు నవ్వుతున్నారు. శ్రీధర్‌కి తెలియకుండానే ఆవిడ జీవితచరిత్ర ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఎనభయ్యవ దశకం మొదట్లో కార్ల కంపెనీలు కుంగిపోయాయి. శ్రీధర్ ఉద్యోగం పోయి హ్యూస్టన్ వెళ్లిపోయాడు. మ్యూజియం వారానికి రెండు రోజులు మూతపడింది. కాపలావాళ్లలో సగం మందిని తీసేశారు. మిస్ ప్రూయిట్ మిగిలిన ఇద్దరికే లేబుళ్లు చదివేది. తర్వాత ఒక్కడే మిగిలాడు. వాడు కుర్చీలో కూర్చుని వినేవాడు.

1986లో కొత్త డైరెక్టర్ వెల్డన్ ఆవిడను పైకి పిలిచాడు. కార్డులు పట్టుకుని నేనూ వెళ్లాను. వెల్డన్ మర్యాదస్తుడు. ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు పెన్ను కింద పెట్టేస్తాడు.

"స్టోరేజ్‌లో నీళ్లు కారుతున్నాయి. స్టడీ కలెక్షన్ మొత్తం తీసేయడం తప్ప దారి లేదు మిస్ ప్రూయిట్. కుండపెంకులూ, నాణేలూ, ఈ బొమ్మలూ."

"బొమ్మలు నాణేల్లాంటివి కావు."

"నేను కాదనడం లేదు. కానీ కార్డుల మీద స్టడీ అని ఉంది. ఆ వర్గంలో ఎవరు వేశారు వీటిని?"

ఆవిడ నా వైపు చూడలేదు. "నేనే."

"వచ్చేటప్పుడు ఓటు లేదు కనక, పోయేటప్పుడూ అక్కర్లేదని లాయర్లు అంటున్నారు. విభాగం పెద్ద సంతకం చాలు. మీ సంతకం."

"వేసినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి."

"ఒకసారి ప్రజల కోసం తీసుకున్న కానుకను ప్రైవేటు మనుషుల చేతికి తిరిగి ఇవ్వకూడదట. నిజంగానే అడిగాను." అడిగే ఉంటాడు. "చూడండి, ఒక్కటి ఎంచుకోండి. అన్నిటిలోకీ మంచిది. దాన్ని నేనే కమిటీ ముందుకు తీసుకెళ్తాను, ఒప్పిస్తాను. నా మాట. మిగతావాటికి సంతకం పెట్టండి."

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. సోమవారం దాకా గడువు అడిగింది.

శనివారం నేను స్టోరేజ్ తాళం తీశాను. ఆవిడ కోటు విప్పకుండా మడత కుర్చీలో కూర్చుంది. నేను ఒక్కో బొమ్మనూ గోడకు ఆనించి వరసగా పెట్టాను. వెలుతురు తక్కువ. చూరు నుంచి ఒక చోట బకెట్లోకి చుక్కలు పడుతున్నాయి. గిల్టు ఫ్రేములు ఆ చీకట్లోనూ మెరుస్తున్నాయి.

ముందు టిల్‌మన్ బొమ్మను ముందుకు జరపమంది. జరిపాను. చాలాసేపు చూసి, పక్కన పెళ్లికూతుళ్ల టోపీలు కుట్టే ఆవిడ బొమ్మ వేసిన లూసిల్ మేబ్రీ సంగతి గుర్తొచ్చినట్టుంది, ఆ బొమ్మనూ జరపమంది. తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నమయ్యేసరికి అన్నీ ముందుకు వచ్చేశాయి. వరస ఒక అడుగు ఇటు జరిగింది, అంతే. ఆవిడ చేతులు ఒడిలో ఉన్నాయి, కుడిచేతి వేళ్లు పెన్సిలు పట్టుకున్నట్టు కదులుతున్నాయి.

"ఎంచుకోవడమే కదా నా పని," అంది. "పద్దెనిమిదేళ్లుగా అదే చేశాను. గోడ చిన్నది కనక వందమందిలోంచి పదిమందిని తీసేదాన్ని. మిగతా తొంభైమందికీ నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. చెయ్యి వణకలేదు ఎప్పుడూ."

"ఇదీ అలాంటిదే అనుకోండి మిస్ ప్రూయిట్. ఒక్కటైనా మిగులుతుంది."

"అప్పుడు నేను బొమ్మలు చూసి తీశాను ఉషా. ఇప్పుడు చూస్తుంటే బొమ్మలు కనపడ్డం లేదు. వీళ్ల వంటిళ్లు కనపడుతున్నాయి."

దానికొక పేరు ఉండవచ్చు, నా పాత పుస్తకాల్లో వెతికితే దొరుకుతుంది. పేరు దొరికినంత మాత్రాన ఆ బకెట్లో చుక్కలు పడటం ఆగదు.

సోమవారం పొద్దున సంతకం పెట్టనని చెప్పింది. ఒక్కటీ ఎంచనని చెప్పింది. వెల్డన్ కోపపడలేదు, బాధగా తలూపాడు. నెల తిరక్కుండా స్కూళ్ల విభాగాన్ని వేరే విభాగంలో కలిపి, ఆవిడ ఉద్యోగం తీసేశారు. పిల్లల భోజనాల హాల్లో వీడ్కోలు కేకు కోశారు. కొత్త విభాగం పెద్ద షికాగో నుంచి వచ్చిన కుర్రాడు. ఒక్క బొమ్మనూ చూడకుండానే మొదటి వారం సంతకాలన్నీ పెట్టేశాడు. స్టడీ కలెక్షన్ అంతా ఒకే మూటగా అమ్ముడైంది. ఒక్కో కార్డు మీదా 'తొలగించబడినది' అని నేనే టైప్ చేశాను.

ఆ ఎండాకాలం ఆవిడ ఫోన్ చేసింది.

"కొన్నవాడెవడో తెలుసుకోవాలి. వేసినవాళ్ల మొహాల్లోకి చూసి చెప్పేముందు అవి ఎక్కడున్నాయో నాకు తెలిసుండాలి."

అదేం దాచిన సంగతి కాదు. హైవే పక్కన పాత సామాన్ల దుకాణం. శనివారం నేను బయల్దేరుతుంటే జగదీష్ సోఫాలోంచి లేవకుండా అడిగాడు.

"మళ్లీ ఆవిడ కోసమేనా? నువ్వు రికార్డ్స్‌లో పని చేస్తున్నావా, ఆవిడకి డ్రైవర్‌వా?"

"ఆవిడకి కారు లేదండీ."

"ఉద్యోగమూ లేదుగా ఇప్పుడు. వదిలేయొచ్చు కదా అని." నేను తలుపు తీస్తుంటే, "ట్యాంక్ ఫుల్ చేయించాను రాత్రి. చూసుకుని వెళ్లు," అన్నాడు.

దుకాణంలో గోడల నిండా అద్దాలు. ఒక్కోటీ ఒక్కో ఎత్తులో. ముందు నాకేం అర్థం కాలేదు. మిస్ ప్రూయిట్‌కి గుమ్మంలోనే అర్థమైంది. ఒక పెద్ద అద్దం దగ్గరికి వెళ్లి, ఎడమ మూల కింద చెక్కు లేచిన చోట బొటనవేలు పెట్టింది. టిల్‌మన్ బొమ్మ ఫ్రేము. అద్దాన్ని వెనక్కి వాల్చి పెట్టారు. అందులో దుకాణం పైకప్పూ ట్యూబులైట్లూ తప్ప ఏమీ కనపడటం లేదు.

"మంచి కన్ను మేడమ్ మీది," అన్నాడు దుకాణదారు హుషారుగా. "అసలు సిసలు చెక్కడం. ఈ కాలంలో ఎవరు చేస్తారు? మ్యూజియంలోవి. ఎవడో పని తెలిసినవాడు కొలిచి కోయించాడు, మూలలు చూడండి ఎలా కలిశాయో."

"అవును," అంది ఆవిడ.

"వీటిలో బొమ్మలు ఉండాలి కదా?" అన్నాను.

"కాన్వాసులా? ఉండేవి. షెడ్డు వెనక పేర్చి పెట్టాం. వానలకి నాని బూజు పట్టాయి. చెత్తబండికి వేసేశాం. ముందే చెప్పుంటే ఊరికే ఇచ్చేవాణ్ణమ్మా. కావాలా మీకు?"

మిస్ ప్రూయిట్ ఇంకా ఫ్రేము మూలను పట్టుకునే ఉంది. ఒక నిమిషమయ్యాక ఆ బొటనవేలు తీసి, తన కోటుకు తుడుచుకుంది.

అక్కడి నుంచి చిత్రకారుల ఇళ్లకు వెళ్లాం. ఫోన్‌లో చెప్పమంటే వినలేదు. వరసగా ఎన్నో శనివారాలు. కొందరు చనిపోయారు. వాళ్ల పిల్లలకు ఏ బొమ్మో తెలియదు, పర్లేదులెండి అన్నారు. లూసిల్ మేబ్రీ గుమ్మంలోనే నిలబెట్టింది.

"నా చెయ్యి పట్టుకుని మాటిచ్చావు ఎర్నెస్టీన్. తెల్లవాళ్ల మాటైతే నమ్మేదాన్నా? నీ మాటని ఇచ్చాను." తలుపు వేసేసింది.

తిట్టినప్పుడే ఆవిడ కాస్త తేలికపడినట్టుండేది. పర్లేదన్న ఇళ్ల నుంచి వచ్చేటప్పుడు కారెక్కడానికి నా భుజం పట్టుకునేది.

ఆఖరికి టిల్‌మన్ ఇల్లు మిగిలింది. అలా మిగలనిచ్చింది. తూర్పు వైపు వీధి, అటూ ఇటూ ఇళ్లు కాలిపోయి గడ్డి మొలిచింది. ఆయనకు ఎనభై దాటాయి, బయటికి రావడం మానేశాడు. వంటింట్లో బల్ల దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మాకు కాఫీ పోశాడు.

ఆవిడ ఏమీ చుట్టూ తిప్పలేదు. "మిస్టర్ టిల్‌మన్, మీ బొమ్మ మ్యూజియంలో లేదు. అమ్మేశారు. నేను ఆపలేకపోయాను."

ఆయన కప్పు కింద పెట్టాడు. "అమ్మేశారా?"

"అమ్మేశారు."

"అంటే ఎవరో కొన్నారా?"

ఆవిడ తల ఊపింది. ఆయన అరచేత్తో బల్ల చరిచాడు. కాఫీ తొణికింది.

"ఓరి దేవుడా! డబ్బిచ్చి? మిస్ ఎర్నెస్టీన్, పన్నెండేళ్లప్పటి నుంచి వేస్తున్నాను. చర్చికిచ్చాను, బావమరిదికిచ్చాను, మీకిచ్చాను. ఒక్క వెధవైనా జేబులో చెయ్యి పెట్టలేదు. చూశావా అమ్మాయ్," అని నా వైపు తిరిగాడు, "ఈవిడ ఏడుపు మొహం పెట్టుకొచ్చి ఏం చెప్తోందో చూశావా?" నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "ఎవరండీ? ఎలాంటి మనుషులు?"

ఫ్రిజ్ మోటారు ఆగింది. నేను ఆవిడ మొహం చూడలేక బల్ల మీద ఒలికిన కాఫీ చూశాను.

మిస్ ప్రూయిట్ లేచి నిలబడింది. ఆవిడ గొంతు మారింది. కొన్ని నెలలుగా నేను వినని గొంతు, కాపలావాళ్ల ముందు చదివే గొంతు.

"ఒక కుటుంబం. ఊరి బయట ఇల్లు. భోజనాల గదిలో, కిటికీకి ఎదురుగా పెట్టుకున్నారు. పొద్దున పూట వెలుతురు దాని మీద పడుతుంది. ఆ మనుషులెవరో వాళ్లకు తెలియదు. అయినా రోజూ వాళ్ల వీపుల వైపు చూస్తూ తింటారు."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఫ్రేము ఉంచారా?"

"ఉంచారు."

"రాసివ్వండి. మీరు చెప్పింది అట్లాగే. మర్చిపోతాను నేను."

నేను బ్యాగులోంచి ఒక ఖాళీ కార్డు తీసిచ్చాను, నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ తన పెన్సిలుతో రాసింది. రాశాక, అలవాటు కొద్దీ, నిలబడి మళ్లీ పైకి చదివింది. ఆ మనుషులెవరో వాళ్లకు తెలియదు అన్న చోట టిల్‌మన్ చెప్పుల్లో పాదాలు చిన్నగా వెనక్కి జరిగాయి.

ఆవిడ చూసింది. పెన్సిలుతో ఆ వాక్యం కొట్టేసింది. దాని కింద 'అయినా' అన్న మాటనూ కొట్టేసింది.

వంటింటి గోడ మీద, ఒకప్పుడు ఆ బొమ్మ వేలాడిన మేకు కింద లేత రంగు చతురస్రం ఇంకా ఉంది. దాని పక్కన, కుడివైపు, సరిగ్గా ఎత్తు చూసుకుని, ఆవిడే కార్డును టేపుతో అంటించింది. టిల్‌మన్ కుర్చీ తిప్పుకుని దానికి ఎదురుగా కూర్చున్నాడు.

కారులో ఆవిడ పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది. ఇల్లు వచ్చాక దిగి, దాన్ని సీటు మీద పెట్టేసి వెళ్లింది. మర్చిపోయిందనుకుని పిలిచాను. వెనక్కి తిరగలేదు.